మూత్రం పరీక్షకు వెనకాడొద్దు

నూలుకు రంగు ఎట్ల పడుతదో మనకు ఒకరు చెప్పక్కర లేదు. 1884లో జర్మనీలో పేటెంట్ అయిన కాంగో రెడ్ కూడా నూలుకు నేరుగా పట్టే రంగే. అమెరికాలో డాక్టర్ ఇరీనా బుహిమ్షి బృందం దానితోనే గర్భిణుల మూత్రం పరీక్షించి, 2014లో ప్రకటించింది. బీపీ జబ్బు ఉన్న గర్భిణి మూత్రంలో సరిగా ముడుచుకోని ప్రోటీన్లు ఉంటాయి. ఈ రంగు వాటిని పట్టుకుంటది.

ఆ పరీక్ష మన దాకా రాలేదు. కాని ప్రోటీన్ చూపే పట్టీ, బీపీ మిషను సర్కారు దవాఖానల్లో ఉన్నయి. అయిదో నెల దాటినంక బీపీ 140/90కి ఎక్కి, మూత్రంలో ప్రోటీన్ పోతుంటే ప్రమాదమే. ముదిరితే ఫిట్స్ వస్తయి, తల్లీబిడ్డా ఇద్దరి ప్రాణం మీదికొస్తది.

బీడీలు చుట్టే కోడలికి ఒక పూట పోతే ఆ పూట కూలి పోతది, నాకెరుకే. కాని మొదట్లోనే పేరు రాయిస్తే, ముప్పు ఉన్నోళ్లకు డాక్టరు ముందే మాత్రలు ఇస్తరు. 2016 నుంచి ప్రతి నెల 9వ తేదీన సర్కారు దవాఖానల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలున్నయి.

అత్తలారా, ముఖం, చేతులు వాచినా, తల విడవకుండా నొచ్చినా, కండ్లు మసకబారినా "కడుపుతో ఉంటే మామూలే" అనకండి. ఆ రోజే సివిల్‌కు తోడు పోండి.