రక్తం సంచి దగ్గరే ఆగిపోయిన చట్టం

వానలు మొదలైతే చాలు, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల జిల్లా పేజీల్లో అదే వార్త: డెంగీ జోరు, పడిపోయిన ప్లేట్‌లెట్లు, దొరకని రక్తం. ఎన్ని యూనిట్లు కావాలి, ఎన్ని ఉన్నాయి అన్న లెక్కతో కథనం ముగుస్తుంది. యూనిట్ దొరికాక వార్డులో ఏం జరిగిందని ఎవరూ అడగరు. రక్తవ్యాధి ఉన్న మనిషికి అసలు పరీక్ష మొదలయ్యేది అక్కడే.

ముందు ఆ ప్లేట్‌లెట్ల సంగతే చూద్దాం. రక్తస్రావం లేని డెంగీ రోగికి కౌంట్ 10 వేల లోపుకు పడితేనే ముందుజాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఎక్కించాలని జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. 50 వేలు అనగానే బంధువులు కరీంనగర్‌కు పరుగు తీయడానికి సగం కారణం మన శీర్షికలే. అసలు గండం జ్వరం తగ్గుతున్న రోజుల్లో, రక్తనాళాల నుంచి ప్లాస్మా బయటికి కారిపోవడంలో ఉంది. పై బీపీకీ కింది బీపీకీ మధ్య తేడా 20కి కుదించుకుపోవడం, ఆగని వాంతులు, కడుపునొప్పి, తగ్గిన మూత్రం దాని గుర్తులు. రోజుకోసారి వచ్చే ల్యాబ్ కాగితంలో ఇవి ఉండవు. మంచం దగ్గరికి పదేపదే వచ్చే నర్సు కంటికే చిక్కుతాయి.

మరి ఆ నర్సు గురించి చట్టం ఏమంటోంది? ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే 30 ఏళ్లు వెనక్కి వెళ్లాలి. మన చట్టం దృష్టిలో రక్తం ఒక ఔషధం. 1940 నాటి ఔషధాల చట్టం పరిధిలోకి వస్తుంది. 1990లో కేంద్రం ఫెర్గూసన్ సంస్థతో చేయించిన అధ్యయనంలో దేశంలోని 1,018 బ్లడ్ బ్యాంకుల్లో 616కు లైసెన్సు లేదని తేలింది. కామన్ కాజ్ సంస్థ సుప్రీంకోర్టుకెక్కింది. 1996 జనవరి 4న వచ్చిన తీర్పు లైసెన్సును తప్పనిసరి చేసింది, జాతీయ, రాష్ట్ర రక్తమార్పిడి మండళ్లను పెట్టమంది, డబ్బుకు రక్తమిచ్చే పద్ధతికి రెండేళ్లలో స్వస్తి పలకమంది. డ్రగ్ ఇన్‌స్పెక్టర్లకు శిక్షణ, డాక్టర్లకు పీజీ కోర్సులు కావాలంది. రక్త సేకరణ, నిల్వ, పంపిణీలకు ప్రత్యేక చట్టం తెచ్చే విషయం పరిశీలించమంది. ఆ చట్టం నేటికీ రాలేదు. అంత గొప్ప తీర్పులోనూ రక్తం ఎక్కించే చేతి గురించి ఒక్క ఆదేశం లేదు.

నిబంధనల్లో నర్సు అసలే లేదని కాదు. ఔషధ నిబంధనల షెడ్యూల్ ఎఫ్ ప్రకారం ప్రతి బ్లడ్ బ్యాంకులో రిజిస్టర్డ్ నర్సు ఉండాల్సిందే. అయితే ఆమె ఉండేది దాత వైపు. రోగి వైపు అదే షెడ్యూల్ పంపే మాట సంచి మీది లేబుల్: ఫిల్టర్ ఉన్న సెట్టే వాడాలి, క్రాస్‌మ్యాచ్ అయిన రక్తమే ఎక్కించాలి. 2001లో షెడ్యూల్ కె సవరించి, ఏడాదికి 2,000 యూనిట్లకు మించి వాడని ఆసుపత్రులు లైసెన్సు లేకుండానే రక్తం నిల్వ చేసుకోవచ్చన్నారు. కోరుట్ల స్థాయి ఆసుపత్రులకు ఇది వరమే. షరతులు మాత్రం మళ్లీ ఫ్రిజ్ చుట్టూ, టెక్నీషియన్ చుట్టూ తిరిగాయి. 2012 డిసెంబరులో మొదలైన హీమోవిజిలెన్స్ కార్యక్రమం రోగికి వచ్చే రియాక్షన్లను నమోదు చేయమంది. నివేదించడం మాత్రం ఆసుపత్రుల ఇష్టానికి వదిలేసింది.

మంచం పక్కన జరగాల్సింది చిన్న పనేమీ కాదు. ఫ్రిజ్ దాటిన 30 నిమిషాల్లో ఎక్కించడం మొదలుపెట్టాలి, నాలుగు గంటల్లో ముగించాలి. పేరు, ఐపీ నంబరు, గ్రూపు, సంచి నంబరు ఇద్దరు కలిసి సరిచూడాలి. మొదటి 15 నిమిషాలు రోగిని వదిలి కదలకూడదు. చలి, వణుకు, నడుంనొప్పి, ఆయాసం కనబడితే ఆపేసి సెలైన్‌తో లైన్ నిలపాలి, సంచిని బ్లడ్ బ్యాంకుకు తిప్పి పంపాలి. హిమోఫిలియా ఉన్నవారికి కండకు సూది వేయకూడదు. సికిల్ సెల్ నొప్పితో వచ్చినవారికి ఐస్ పెట్టకూడదు.

అంతకన్నా ముందుది రోగిని అంచనా వేయడం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే–5 ప్రకారం తెలంగాణలో 57.6 శాతం మహిళలకు, ఐదేళ్లలోపు పిల్లల్లో 70 శాతానికి రక్తహీనత ఉంది. కోరుట్ల బీడీల చాట ముందు నుంచో సిరిసిల్ల సాంచెల వాడ నుంచో పాలిపోయిన మనిషి వస్తే ఐరన్ గోలీలు రాసి పంపడం తేలిక. మేనరికమా, తోబుట్టువులకు ఎప్పుడైనా రక్తం ఎక్కించారా, నెలసరిలో ఎన్నాళ్లు పోతుంది, చిగుళ్ల నుంచి రక్తం కారుతోందా అని అడిగితేనే తలసీమియా, ఇతర జబ్బులు బయటపడతాయి. భర్త గల్ఫ్‌లో ఉండి ఒంటరిగా వచ్చిన ఆడమనిషి ఇవన్నీ చెప్పుకునేది డాక్టరుకన్నా సిస్టర్‌కే.

జగిత్యాలకు 2022లో, సిరిసిల్లకు 2023లో మెడికల్ కాలేజీలు వచ్చాయి. అంటే ఆ ఆసుపత్రులిప్పుడు బోధనాసుపత్రులు. బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకొక నర్సు ఉండాలన్నది నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. కొత్త భవనం ప్రారంభోత్సవం మొదటి పేజీకెక్కుతుంది. ఈ నిష్పత్తి ఏ పేజీలోనూ కనబడదు. 1947 నాటి చట్టం స్థానంలో 2023లో వచ్చిన జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం కూడా చదువు, రిజిస్టర్, ప్రమాణాల గురించి చెబుతుందే తప్ప రక్తం ఎక్కించే వేళ మంచం పక్కన ఎవరుండాలో చెప్పదు.

రక్తం ఎక్కించిన ప్రతిసారీ నర్సు చార్టు నింపాలంటే, ఉన్న నర్సులకే తీరిక లేదు, మరో రిజిస్టరు నెత్తిన పెడతారా అంటారు. రిజిస్టరు లేనందువల్లే కొరత కాగితమ్మీదికి ఎక్కడం లేదన్నది నా వాదన. 15వ నిమిషం గడి ఖాళీగా ఉంటే ఆ వేళ వార్డులో ఎంతమంది ఉన్నారో చెప్పాల్సిన బాధ్యత సూపరింటెండెంట్ మీద పడుతుంది. రాజ్యాంగంలో ఔషధాలు ఉమ్మడి జాబితాలో ఉన్నాయి. ఆసుపత్రులు రాష్ట్ర జాబితాలోవి. కాబట్టి ఢిల్లీ కోసం ఎదురుచూడనక్కర్లేదు. ప్రతి రక్తమార్పిడికీ నర్సు సంతకంతో చార్టు తప్పనిసరి చేస్తూ, రియాక్షన్ అనిపిస్తే డాక్టరు రాకముందే ఆపే అధికారం నర్సుకు ఇస్తూ, ప్రతి రియాక్షన్‌నూ నివేదించాలంటూ రాష్ట్ర ఆరోగ్యశాఖ ఒక్క జీవో ఇస్తే చాలు. మరిన్ని యూనిట్లు తెప్పించేకన్నా ముందు చేయాల్సిన పని ఇది.