పదహారు భాగాలు, ఒక అబద్ధం



ఆ మధ్య మా సంఘంలోని ఒక తల్లి నన్ను దారిలో ఆపింది. "అయ్యగారూ, మా పిల్ల రాత్రంతా దుప్పట్లో ఫోను పెట్టుకుని కొరియా సీరియళ్లు చూస్తోంది. అవి చూడొచ్చో చూడకూడదో మీ పేజీలో రాయండి" అన్నది. రాస్తానని మాట ఇచ్చాను. పాపం ఆమెకు తెలియని సంగతి ఒకటుంది. ఆ సీరియళ్లు చూసినవారిలో నేనూ ఒకణ్ని. అందుచేత ఈ నెల తీర్పు చెప్పే స్థానంలో కూర్చోలేను. చూసినది, జరిగినది చెబుతాను. తీర్పు మీరే చేసుకోండి.

మాది వేమూరు. తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైలు దారిలోని ఊరు. చుట్టూ వరి, వరి కోతల తరువాత మినుము. ఇలాంటి ఊళ్లోకి కొరియా ఎలా వచ్చిందా అని ఆశ్చర్యపోనక్కర్లేదు. 2019లో 'ఓ బేబీ' సినిమా చూసి కడుపుబ్బ నవ్వినవారిలో చాలామందికి అది 2014 నాటి కొరియా సినిమాకు తెలుగు రూపమని తెలియదు. అదే సంవత్సరం పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీలో ఉత్పత్తి మొదలైంది. 2021లో లోకమంతా చూసిన 'స్క్విడ్ గేమ్' తెలుగు మాటలతోనూ దొరికింది. ఇక పల్లె ఏమిటి, పట్నం ఏమిటి? ఫోను ఉన్న ప్రతి చేతిలోకీ కొరియా వచ్చేసింది.

మా ఇంట్లోకి మా అమ్మాయి వెంట వచ్చింది. 2025 వేసవిలో ఇంటర్ పరీక్షలు అయ్యాక పగలు నిద్ర, రాత్రి ఫోను. రెండుసార్లు కేకలేశాను, ఒకసారి ఫోను లాక్కున్నాను. అప్పుడు ఆ పిల్ల, "చూడకుండానే చెడ్డదని ఎట్లా చెబుతావు నాన్నా?" అన్నది. జవాబు దొరకలేదు. సరే, తప్పులు వెదకడానికే చూద్దామని ఒక నోటు పుస్తకం పట్టుకుని పక్కన కూర్చున్నాను. ఎడమ పేజీలో తప్పులు, కుడి పేజీలో మంచి రాయాలని నిర్ణయం.

ఎడమ పేజీ తొందరగానే నిండింది.

మొదటిది, కాలం. ఈ సీరియళ్లు ఎక్కువగా 16 భాగాలు. ఒక్కో భాగం గంట, కొన్ని గంట దాటి. అంటే 16 గంటలు. మినుము పీకే కూలి మనిషికి అది రెండు రోజుల కూలి. పైగా ప్రతి భాగమూ సరిగ్గా తలుపు తట్టిన చప్పుడు దగ్గరే ఆగుతుంది. తట్టింది ఎవరో తెలియకుండా నిద్ర పట్టదు. తరువాతి భాగం దానంతటదే మొదలవుతుంది. అలా తెల్లవారుతుంది.

రెండవది, కథ. కోటీశ్వరుడి కొడుకు, బీద ఇంటి పిల్ల. 2009లో వచ్చిన 'బాయ్స్ ఓవర్ ఫ్లవర్స్'లో ఆ పిల్ల బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే దుకాణం వాళ్లమ్మాయి. కథ బాగా ముదిరాక కథానాయకుడు ఆ అమ్మాయినే మరచిపోతాడు. 2002 నాటి 'వింటర్ సొనాటా'లోనూ అంతే, కారు ప్రమాదం, గతం మరచిపోవడం. తలకు దెబ్బ తగిలి గతం మరచిపోవడం మన పాత సినిమాల్లో చూడనిదా? దానికోసం కొరియా దాకా పోవాలా అని విసుగొచ్చింది.

మూడవది, తాగుడు. దుఃఖం వచ్చినా ఆకుపచ్చ సీసా, సంతోషం వచ్చినా ఆకుపచ్చ సీసా. సోజు అనే సారా అది. తాగినవాళ్లు అక్కడ ముద్దు ముద్దుగా మాట్లాడి స్నేహితుడి వీపు మీద ఇల్లు చేరతారు. మా వీధుల్లో తాగినవాడు ఎలా ఇల్లు చేరతాడో, చేరాక ఆ ఇంట్లో ఏమవుతుందో మనకు తెలుసు. ఆ భాగం వాళ్లు చూపించరు.

నాల్గవది, రంగు. అందరూ పాలలో కడిగినట్టు ఉంటారు. ఎండలో కాలవ గట్టున తిరిగే మన పిల్లలు అవి చూసి అద్దం ముందు నిట్టూర్చడం నేను కళ్లారా చూశాను.

అయిదవది నన్ను నేరుగా తాకింది. 'స్క్విడ్ గేమ్'లో ఒక ఆటగాడు పందెం ముందు మోకరించి ప్రార్థన చేస్తాడు, పందెంలో మాత్రం తన ప్రాణమే చూసుకుంటాడు. అందులోనే ఒక అమ్మాయి తన తండ్రి పాస్టరని, అతడే తన తల్లిని చంపాడని చెబుతుంది. 2022 డిసెంబరులో మొదలైన 'ది గ్లోరీ'లో తోటి విద్యార్థినిని హింసించే ముఠాలో ఒకతె పెద్ద చర్చి పాస్టరుగారి కూతురు. ఈ రెండూ రక్తపాతం, క్రూరత్వం ఉన్న కథలు, చిన్నపిల్లలకు బొత్తిగా పనికిరానివి. కాని నా మంట రక్తం గురించి కాదు. మమ్మల్ని ఇలా ఎందుకు చూపిస్తారని. 2015 జనాభా లెక్కల్లో దక్షిణ కొరియాలో నూటికి దాదాపు 20 మంది ప్రొటెస్టెంటులు. తెల్లవారుజామున లేచి గుడికి వెళ్లి ప్రార్థించే అలవాటుకు పేరుపడిన సంఘాలు. ఆ మంచిలో ఒక్కటీ వీరికి కనపడలేదా? ఆ మాట కింద రెండు గీతలు గీశాను.

కుడి పేజీ ఆలస్యంగా నిండింది, కాని నిండింది.

మొదట నచ్చింది, అవి ముగుస్తాయి. మన 'కార్తీకదీపం' 2017లో మొదలై వెయ్యి భాగాలు దాటి 2023 దాకా నడిచింది. కొరియాలోనూ పొడవైనవి లేకపోలేదు. రాజుగారి వంటశాలలో చేరి వైద్యురాలైన జంగ్‌గమ్ కథ, 2003లో మొదలైనది, 54 భాగాలు. దాన్ని దూరదర్శన్ హిందీ మాటలతో చూపించింది కూడా. కాని ఎక్కువ కథలు 16 భాగాల్లో తేలిపోతాయి. రాసేవారికి ముగింపు తెలుసు, అటే నడుస్తారు.

తరువాత, అన్నం. వాళ్లు ఒకరినొకరు పలకరించే మాట "అన్నం తిన్నావా?" అని మా అమ్మాయి చెప్పినప్పుడు నేను నిటారుగా కూర్చున్నాను. అది మన పలకరింపే కదా! పెద్దవాళ్లకు రెండు చేతులతో అందించడం, అలిగిన పిల్ల ముందు అమ్మ మాట్లాడకుండా పళ్లెం పెట్టి వెళ్లడం, అంతా మన ఇంటి తీరే. అమ్మను 'ఒమ్మా' అంటారు, నాన్నను 'అప్పా' అంటారు. 'నా' అంటే నేను, 'నొ' అంటే నువ్వు. మనలాగే క్రియ వాక్యం చివర వస్తుంది. హోమర్ హల్బర్ట్ అనే అమెరికా మిషనరీ 1886లో కొరియా వెళ్లి, ఆ భాషకూ మన ద్రావిడ భాషలకూ పోలికలు చూపుతూ 1905లో ఒక వ్యాకరణమే రాశాడు. ఈ రెండూ ఒక తల్లి బిడ్డలన్న మాటను భాషాశాస్త్రజ్ఞులు ఒప్పుకోలేదు. అయినా ఆ పోలికలు వింటుంటే దూరపు చుట్టాన్ని చూసినట్టే ఉంటుంది.

ఇంకొక ఆనందం మా అమ్మాయి వల్ల కలిగింది. తెర కింద ఇంగ్లీషు అక్షరాలు పరుగెత్తేవి. నాకు అందేవి కావు. అది చదివి తెలుగులో చెప్పేది. కొరియా భాషలో గౌరవానికి వేరు మాట, చనువుకు వేరు మాట. ఇంగ్లీషులో రెంటికీ ఒకటే. కాని నాలుగైదు సీరియళ్లు చూసిన దాని చెవికి ఆ తేడా తెలిసిపోయింది. "ఇప్పటిదాకా 'మీరు' అన్నాడు నాన్నా, ఇదుగో, ఇప్పుడు 'నువ్వు' అన్నాడు" అనేది. ఆ ఒక్క మాటతో కథ ఎటు తిరిగిందో అర్థమైపోయేది. ఏడాదిగా ముభావంగా ఉన్న పిల్ల నాతో రోజూ గంటసేపు మాట్లాడుతోందని నాలుగు రోజుల తరువాత గాని గమనించలేదు.

మేము అప్పుడు చూస్తున్నది ఇంగ్లీషులో 'వెన్ లైఫ్ గివ్స్ యూ టాంజరీన్స్' అనే కథ. 2025 మార్చిలో వారానికి 4 భాగాల చొప్పున 4 వారాల్లో వచ్చింది. జెజు అనే దీవిలో ఒక బీద దంపతుల జీవితమంతా అందులో ఉంటుంది. ఆ పిల్ల తల్లి సముద్రంలో మునిగి గవ్వలు, నత్తలు ఏరుకొచ్చే స్త్రీ. గాలి గొట్టాలేమీ లేకుండా ఊపిరి బిగబట్టి మునుగుతారు వాళ్లు. వారి సంప్రదాయాన్ని యునెస్కో 2016లో తన వారసత్వ జాబితాలో చేర్చింది. కోటీశ్వరుడి కొడుకు కథ కాదిది. పంట, చేప, అప్పు, బిడ్డల చదువు. అచ్చంగా మన కథ.

ఇక నా సంగతి. ఆ కథలో చివరి రెండు భాగాలు మిగిలిన శనివారం సాయంత్రం, ఊరి చివర ఒంటరిగా ఉండే ఒక మామ్మ ఇంట్లో ప్రార్థనకు ఏడు గంటలకు వస్తానని మాట ఇచ్చి ఉన్నాను. ఆరున్నరకు, "ఇంకొక్క పది నిమిషాలు" అనుకున్నాను. ఆ తరువాత గడియారం చూసేసరికి తొమ్మిది దాటింది. నేను, నా భార్య, అమ్మాయి ముగ్గురమూ ఏడ్చి కళ్లు తుడుచుకుంటున్నాము.

ఆదివారం ఆరాధన అయ్యాక మామ్మ మెట్ల దగ్గర నిలబడింది. "రాత్రి రాలేదే అయ్యగారూ? చాప పరిచి, పాయసం కాచి కూర్చున్నా."

"ఒంట్లో బాగోలేదు మామ్మా" అన్నాను.

అరగంట క్రితమే ప్రసంగం చేసి దిగిన నోటితో ఆ మాట అన్నాను. ఆలోచించి చెప్పింది కూడా కాదు, దానంతటదే వచ్చింది. సాయంత్రం తలుపు చప్పుడైంది. మామ్మ! చేతిలో గిన్నె. ఆ మోకాళ్ల నొప్పులతో ఊరి చివరి నుంచి నడిచి, నాకు శొంఠి కషాయం తెచ్చింది. "వేడిగా తాగండి అయ్యగారూ, రేపటికి తగ్గుద్ది" అని, కూర్చోకుండానే వెళ్లిపోయింది. ఏ రోగమూ లేనివాణ్ని ఆ కషాయం తాగాను. మా అమ్మాయి గుమ్మం దగ్గర నిలబడి చూసింది. ఏమీ అనలేదు. దానికి అంతా తెలుసు.

ఆ రాత్రి నోటు పుస్తకం తెరిచాను. రెండు గీతలు గీసిన చోటు కనిపించింది. పందెం ముందు మోకరించి, తరువాత తన పని తను చూసుకున్న ఆ ఆటగాడు నాకేమంత దూరపువాడు? కొరియా రచయితలు మమ్మల్ని అలా ఎందుకు చూపిస్తారని కదా అడిగాను. పిల్లలు ఇళ్లలో గుమ్మాల దగ్గర నిలబడి చూస్తారు. పెద్దయ్యాక రాస్తారు.

అదే కొరియాలో 1907 జనవరిలో ప్యోంగ్‌యాంగ్ నగరంలో జరిగిన కూడికలు సంఘ చరిత్ర చదివినవారికి తెలుసు. గిల్ సొన్‌జు అనే సంఘపెద్ద లేచి నిలబడ్డాడు. చనిపోయిన స్నేహితుడి ఆస్తి వ్యవహారం చూస్తూ, ఆ సొమ్ములోంచి కొంత తాను తీసుకున్నానని అందరి ముందూ ఒప్పుకున్నాడు. అది విని ఎందరో తమ తప్పులు ఒప్పుకున్నారు. డిప్లొమా చదివే రోజుల్లో ఈ సంగతి పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. మామ్మ ఇంటికి నడుస్తుంటే మాత్రం ఆయన ఆ రోజు ఎలా నిలబడగలిగాడా అనిపించింది. నేను ఒప్పుకోవలసింది ఒక్క మనిషి ముందు. అయినా కాళ్లు కదలలేదు.

సోమవారం ఖాళీ గిన్నె ఇస్తూ ఉన్నదున్నట్టు చెప్పాను. మామ్మ కాసేపు నా ముఖంలోకి చూసింది. తరువాత పకపకా నవ్వింది.

"ఏంది అయ్యగారూ, సీరియల్ కోసమా! కార్తీకదీపం వచ్చే రోజుల్లో మీరు సరిగ్గా వంటలక్క ఏడ్చే వేళకే ప్రార్థనకి వచ్చేవోళ్లు. టీవీ కట్టేసి కళ్లు మూసుకునేదాన్నేగాని, మనసంతా వంటలక్క మీదే ఉండేది. నేను మీకు చెప్పానా?" అని, కొంచెంసేపాగి, "అబద్ధం మటుకు ఎందుకయ్యా? రాలేకపోయా మామ్మా అంటే నేను కొడతానా?" అన్నది. నవ్వుతూనే అన్నది గాని అది ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

తరువాత, "అంత ఏడిపించిన కథ నాకూ చూపించండి" అన్నది. మర్నాటి నుంచి సాయంత్రాలు మా అమ్మాయి ఫోను పట్టుకుని మామ్మ ఇంటికి పోయేది. ఒకరోజు నేనూ వెళ్లాను. ఆ కథలో పూట గడవని ఆ దంపతుల బియ్యపు జాడీలో, ఇంటిగలావిడ, ఆమె భర్త ఎవరికీ తెలియకుండా బియ్యం పోస్తుంటారు. సారెపతు విధవరాలి పిండి తొట్టె గురించి ఎన్నిసార్లు ప్రసంగించానో నాకే తెలియదు. అయినా అక్కడ నోరు మెదపలేదు. మామ్మే మాట్లాడింది.

"మా ఆయన పోయిన ఏడు నా గడప మీద కూడా ఎవరో బియ్యం మూట పెట్టి పొయ్యేవోళ్లు. ఎవరో ఇప్పటిదాకా తెలీదు."

ఇరవై ఏళ్లుగా ఆమె ఇంటికి వెళ్తున్నాను. ఈ సంగతి ఎన్నడూ వినలేదు. అడిగితే కదా!

కథ అయిపోయిన రోజు మా అమ్మాయి దాని కొరియా పేరుకు అర్థం చెప్పింది. జెజు దీవి యాసలో ఆ మాటకు "మీరు చాలా కష్టపడ్డారు" అని అర్థమట, కృతజ్ఞతతో చెప్పే మాటట. చెప్పి, మామ్మ చెయ్యి పట్టుకుని, "నువ్వు కూడా చాలా కష్టపడ్డావు మామ్మా" అన్నది. మామ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ మాట ఆమెతో ఎవరూ అనినట్టు లేదు. నేనూ అనలేదు.

ఇక ఆ తల్లి అడిగిన ప్రశ్నకు జవాబు. మా ఇంట్లో ఇప్పుడు పెట్టుకున్న పద్ధతి ఇది. రోజుకు ఒక్క భాగం. దుప్పట్లో కాదు, నట్టింట్లో, అందరికీ వినపడేట్టు. భాగం చివరి దాకా చూడము, పది నిమిషాలు ఉండగానే ఆపి, మర్నాడు అక్కడి నుంచి చూస్తాము. గాలం ఉండేది చివరలోనే కాబట్టి అక్కడికి పోకపోతే నిద్ర పాడవదు. ఎవరికైనా వస్తానని మాట ఇచ్చిన రోజు ఫోను ముట్టము.

అమ్మా, మీ అమ్మాయి ఫోను లాక్కోవద్దు. ఒకరోజు పక్కన కూర్చుని, ఏమవుతోందో తెలుగులో చెప్పమనండి. తప్పులు రాసుకోండి, తప్పకుండా దొరుకుతాయి. కుడి పేజీ మాత్రం ఖాళీగా ఉంచుకోండి.

ప్రభువు మీ ఇంటిని దీవించును గాక.