చేప దారికి డబ్బెవరిస్తారు?

గోదావరి జిల్లాల వాళ్లకు పులస గురించి కొత్తగా చెప్పేదేముంది! పుస్తెలమ్ముకునైనా తినాలంటారు. సముద్రంలో ఉన్నన్నాళ్లూ అది ఇలస. గుడ్లు పెట్టడానికి ఎర్రనీటికి ఎదురీదుతూ గోదావరిలోకి వచ్చిందంటే పులస. ధవళేశ్వరం ఆనకట్ట దాకా వచ్చాక ఆ పైకి వెళ్లడం దానికి గగనమే.

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో సాల్మన్ చేపదీ అలాంటి కథే. కాకపోతే అక్కడ దానికి అడ్డం పడుతున్నవి పెద్ద పెద్ద ఆనకట్టలు మాత్రమే కాదు, రోడ్ల కింద వేసిన మామూలు తూములు కూడా!

సియాటెల్, బెల్‌వ్యూ, రెడ్‌మండ్... మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్న ఊళ్లివి. ఇళ్ల వెనక నుంచీ, రహదారుల కింద నుంచీ చిన్న చిన్న వాగులు పారుతుంటాయి. సాల్మన్ ఆ వాగుల్లోనే పుడుతుంది. సముద్రానికి వెళ్లి, పెరిగి పెద్దదై, నీటి వాసన పట్టుకుని పుట్టిన వాగుకే తిరిగొస్తుంది. గుడ్లు పెట్టి అక్కడే కన్నుమూస్తుంది.

రోడ్లు వేసేటప్పుడు నీళ్లు పోతే చాలనుకున్నారు, చేప సంగతి ఎవరికీ పట్టలేదు. ఇరుకు గొట్టంలో నీరు మహా వేగంగా దూకుతుంది. ఆ ధారకు కింది నేల కోసుకుపోయి, గొట్టం నోరు గాల్లో వేలాడుతుంది. అంత ఎత్తు ఎగరలేని చేప అక్కడే ఆగిపోతుంది. పైన మైళ్ల కొద్దీ మంచి వాగున్నా దానికి అందదు.

ఈ గొడవ కోర్టుకెక్కింది. 1850ల్లో అక్కడి ఆదివాసీ తెగలు తమ భూములు వదులుకుంటూ, చేపలు పట్టుకునే హక్కు మాత్రం ఒప్పందాల్లో రాయించుకున్నాయి. పట్టుబడికి వీలైన చేపల్లో సగం దాకా వాళ్లవేనని 1974లో జడ్జి జార్జ్ బోల్ట్ తీర్పిచ్చారు. చేపే లేకపోతే హక్కుండి ఏం లాభం? అందుకే 2001లో 21 తెగలు తూముల మీద దావా వేశాయి. అడ్డుపడిన వాగుల్లో 90 శాతం మేర 2030కల్లా దారి తెరవాలని 2013లో కోర్టు రాష్ట్రాన్ని ఆదేశించింది. రాష్ట్రం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2018లో అక్కడ న్యాయమూర్తులు నలుగురు అటు, నలుగురు ఇటు అయ్యారు. దాంతో కింది కోర్టు మాటే నిలిచింది.

ఇక డబ్బు. పాత గొట్టం తీసి కొత్త గొట్టం వేస్తే సరిపోదు. వాగు సహజంగా పారేంత వెడల్పున వంతెన కట్టాలి. నగరంలో అయితే ట్రాఫిక్ మళ్లించాలి, మంచినీటి, గ్యాస్, మురుగు పైపులు జరపాలి. ఒక్కో చోట కోట్ల డాలర్లవుతుంది. 2022లో రాష్ట్రం ఈ పనికి 240 కోట్ల డాలర్లు ఇచ్చింది. అదీ చాలదని తర్వాత తేలింది.

అసలు చిక్కు వేరే ఉంది. కోర్టు ఆదేశం రాష్ట్రానికి చెందిన తూములకే వర్తిస్తుంది. అదే వాగు మీద నగరపాలక సంస్థవీ, కౌంటీవీ, రైల్వేవీ, ప్రైవేటు స్థలాలవీ వేరే తూములుంటాయి. రాష్ట్రం కోట్లు పోసి ఒకటి బాగుచేస్తే, కాస్త ఎగువనో దిగువనో మరొకటి మూసుకునే ఉంటుంది. చేపకేమో తూము ఎవరిదో తెలియదాయె! ఈ లోటు తీర్చాలనే 2014లో రాష్ట్రం ఓ ప్రత్యేక బోర్డు పెట్టింది. ఒక్కో తూమును కాక వాగు మొత్తాన్నీ చూసి, ఇతర యజమానులకు గ్రాంట్లివ్వడం దాని పని. 2021 నాటి కేంద్ర చట్టం కూడా తూముల కోసమే ఐదేళ్లకు వంద కోట్ల డాలర్లు కేటాయించింది. రాష్ట్రాలు, స్థానిక సంస్థలు, తెగలు దీనికి దరఖాస్తు చేసుకోవచ్చన్నారు.

దారి తెరిస్తే సరా? సియాటెల్‌లోని లాంగ్‌ఫెలో వాగులోకి వచ్చిన కోహో సాల్మన్లు వానలు పడగానే గుడ్లు పెట్టకుండానే చచ్చిపోయేవి. ఎందుకో ఏళ్ల తరబడి అంతుబట్టలేదు. 2020లో శాస్త్రవేత్తలు గుట్టు విప్పారు. కారు టైర్లు పగలకుండా కలిపే ఓ రసాయనం గాలిలోని ఓజోన్‌తో కలిసి విషమవుతోంది. టైర్ల అరుగుదలతో పాటు అది వాననీటిలో వాగుకు చేరుతోంది. ఆ నీటిని మట్టి, కంపోస్టు పొరల గుండా వడకడితే చేపలు బతుకుతాయని కూడా పరిశోధనల్లో తేలింది. అంటే నగరపు వాగుకు వంతెనతో పాటు ఆ వడపోత ఖర్చు కూడా లెక్కలో రాసుకోవాలన్నమాట.

అందుకే ఇక్కడ ఎంత డబ్బు ఇచ్చారన్నది ఒక్కటే ప్రశ్న కాదు. ఏ వాగుకు, ఏ వరసలో ఇచ్చారన్నదీ చూడాలి. సముద్రం నుంచి గుడ్లు పెట్టే చోటు దాకా దారి ఒక్కటే. మధ్యలో ఒక్క గొట్టం మిగిలిపోయినా, పోసిన కోట్లన్నీ నీళ్లపాలే!