నల్లనూనె రెండో చేతికి పోనివ్వొద్దు!
(ఉదయగిరి, ఆత్మకూరు ప్రజలకు విన్నపం)



మొన్న ఆత్మకూరులో రాత్రి బండి కట్టేస్తూ ఒకాయన బాండలిలో మిగిలిన నూనెను డబ్బాలోకి వంచాడు. పొద్దున్నే ఇంకొకరు డబ్బులిచ్చి ఆ డబ్బా పట్టుకుపోయారు. దీపానికి కాదు, మళ్లీ పొయ్యి మీదికే. ఆ నూనె రంగు మీకు తెలియనిది కాదు.

నూనె మానేయమని కాదు నా గోల. గ్లిసరాల్ అనే కాడకు మూడు కొవ్వు ఆమ్లాల గొలుసులు తగిలితే కొవ్వు. గ్రాముకు 9 కిలోకేలరీలు. ఎ, డి, ఇ, కె విటమిన్లు ఒంటికి పట్టాలన్నా అదే దిక్కు. లినోలెయిక్ ఆమ్లాన్ని మన ఒళ్లు తయారు చేసుకోలేదు, తిండిలోంచే రావాలి. ప్రతి కణం చుట్టూ ఉండే పొరలోనూ ఈ గొలుసులే. అలాంటి సరుకును చెడగొట్టి పిల్లలకు పెడుతున్నారు!

పదేపదే కాగితే పిండిలోని నీటికి గొలుసులు కాడనుంచి ఊడతాయి. గాలిలోని ఆక్సిజన్ జంటబంధాలున్న చోట పట్టుకుంటుంది. తెగిన ముక్కలు అతుక్కుని నూనె జిగురై నురగ కడుతుంది. ఇలా పుట్టే చెడ్డ పదార్థాలను పోలార్ పదార్థాలంటారు; అవి 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని 2018 జూలై 1 నుంచి నిబంధన. కొత్త నూనె కలిపితే చెడ్డది పోదు, పల్చబడుతుందంతే.

అసలు అన్యాయం వినండి. వేపుడుకు రోజుకు 50 లీటర్లు దాటి వాడేవాళ్లే లెక్క రాయాలట, మిగిలిన నూనె అనుమతి ఉన్నవాళ్లకే ఇవ్వాలట! మన ఊళ్లో ఏ బజ్జీల బండిమీద 50 లీటర్లు కాగుతుంది? అంటే మన నూనెకు లెక్కే లేదు. పట్నం హోటళ్ల నూనె బయోడీజిల్‌కు, మన నూనె మన పిల్లల కడుపులోకా? 1998లో ఢిల్లీలో కల్తీ ఆవనూనెకు జనం చచ్చాకే విడి నూనె అమ్మకానికి పగ్గం పడింది. ఇక్కడా శవాలు లేవాలా?

"ఏళ్లుగా తింటున్నాం, ఏమైంది" అనేవాళ్లకు జవాబు చెప్పే ఓపిక నాకు లేదు.

బండివాళ్ల పొట్ట కొట్టమనడం లేదు. పారబోస్తే వాళ్లకు నష్టమే. అందుకే ఆత్మకూరు మునిసిపాలిటీ, ఉదయగిరి పంచాయతీ వాడిన నూనెను లీటరు లెక్కన కొని బయోడీజిల్ వాళ్లకు పంపాలి. ఆహార తనిఖీ అధికారి ఆ పోలార్ పదార్థాలను కొలిచే మీటరు పట్టుకుని నెలకోసారి రావాలి. పగలు కాదు, బండ్లు వెలిగే సాయంత్రం వేళ.

సోమవారం అర్జీల రోజు. ఆత్మకూరువాళ్లు ఆర్డీవో ఆఫీసుకు, ఉదయగిరివాళ్లు తహసీల్దారు ఆఫీసుకు ఈ రెండు కోర్కెలూ రాసుకుని రండి.