నోటి ఆపరేషన్ తర్వాత చీము పట్టకుండా

శ్రీకాకుళం వైపు పెద్దవాళ్ళలో అడ్డపొగ అలవాటు మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని కాలుస్తారు, ఆడవాళ్ళే ఎక్కువ. ఆ వేడికి, పొగకి అంగిలి మీద క్యాన్సర్ వస్తుంది. గుట్కా, ఖైనీ నమిలేవాళ్ళకి బుగ్గల్లో వస్తుంది. ఊళ్ళో మన అత్తయ్యకో మామయ్యకో ఆపరేషన్ అంటే ఇక్కడ దుబాయ్‌లో, షార్జాలో ఉన్న మనకి కాళ్ళూ చేతులూ ఆడవు. ఆ రాత్రే వాట్సాప్‌లో ఎవరో ఒకరు అంటారు: "యాంటీబయాటిక్ ఇంకో పది రోజులు రాయించండి, చీము పట్టదు."

వినడానికి బాగానే ఉంటుంది కానీ, అది నిజం కాదు.

నోరు ఎంత తోమినా సూక్ష్మజీవులు ఉండే చోటే. మెడలో గడ్డలు కూడా తీసినప్పుడు నోటి లాలాజలం మెడ గాయంలోకి దిగే ప్రమాదం ఉంది. అందుకే మందు తప్పదు. అయితే అది పనిచేయాల్సింది కోత పెట్టే సమయానికి. మొదటి మోతాదు కోతకి ముందు గంటలోపే ఇస్తారు. ఆపరేషన్ చాలాసేపు సాగితే మధ్యలో మళ్ళీ ఇస్తారు. మామూలుగా 24 గంటల్లో ఆపేస్తారు. ఆ తర్వాత ఊరికే పొడిగిస్తే చీము తగ్గదు. విరేచనాలు పట్టుకుంటాయి, మందుకి లొంగని క్రిములు మిగులుతాయి.

"పెన్సిలిన్ పడదు" అని ఇంట్లో అనుకుంటుంటే, అసలప్పుడు ఏమైందో డాక్టరుకి వివరంగా చెప్పించండి. దాని బదులు క్లిండమైసిన్ ఒక్కటే ఇచ్చినవాళ్ళలో ఈ ఆపరేషన్ తర్వాత ఇన్ఫెక్షన్లు ఎక్కువగా కనిపించాయి.

మిగతాది చాలావరకు ఇంటివాళ్ళ చేతిలోనే ఉంది. ఆపరేషన్‌కి ముందు పళ్ళ డాక్టరుకి చూపించాలి. చుట్ట, ఖైనీ వీలైతే నాలుగు వారాల ముందే మానేయాలి. షుగర్ అదుపులో ఉండాలి. చిక్కిపోయి ఉంటే బలమైన తిండి పెట్టాలి. తర్వాత ముక్కు గొట్టంలో ఏది పోసినా ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి, తల ఎత్తుగా ఉంచాలి. డాక్టరు చెప్పిన ద్రవంతోనే నోరు శుభ్రం చేయాలి. పసుపు, తేనె లాంటివి గాయానికి పూయకూడదు.

జ్వరం, మెడ దగ్గర ఎరుపు, వాపు, దుర్వాసన, కుట్ల మధ్య నుంచి చీమో లాలాజలమో కారడం వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి ఫోన్ చేయించండి. చాలామందికి రేడియేషన్ కూడా అవసరమవుతుంది, దాన్ని ఆపరేషన్ అయిన ఆరు వారాల్లోపు మొదలుపెట్టాలని చూస్తారు. గాయం మానకపోతే అదీ వెనక్కి పోతుంది.

కాబట్టి రేపు ఫోన్ చేసినప్పుడు "ఎన్ని మాత్రలు ఇచ్చారు?" అని కాకుండా ఇవి అడగండి: ఈ రోజు షుగర్ ఎంత? నోరు ఎన్నిసార్లు కడిగారు? మెడ గాయం ఎలా ఉంది, ఫోటో తీసి పంపగలరా?