చేతికి ఫోను, పేరుకు పుష్ప

2018 జూలై 30న రాయపూర్‌లో సంచార్ క్రాంతి యోజన అనే పథకం మొదలైంది. 50 లక్షల స్మార్ట్‌ఫోన్లు ఉచితంగా పంచాలన్నది అప్పటి రమణ్ సింగ్ ప్రభుత్వ లెక్క. 45 లక్షలు మహిళలకు, 5 లక్షలు విద్యార్థులకు. ప్రారంభించడానికి కంగనా రనౌత్‌ను పిలిపించారు. టెక్నాలజీ, పేదరికం, సినిమా మూడూ ఒకే వేదిక మీద అంత దగ్గరగా నిలబడడం అరుదు. ఆ తర్వాత నాలుగు నెలలకే ఎన్నికలొచ్చాయి. ధాన్యం క్వింటాల్‌కు 2,500 రూపాయలు, రుణమాఫీ అన్న కాంగ్రెస్‌కు 90లో 68 సీట్లు, ఫోన్లు పంచిన పార్టీకి 15. జనం ఫోను తీసుకున్నారు, ఓటు మాత్రం వడ్లకు వేశారు.

ఈ కథ చెప్పగానే మన మేధావుల్లో కొందరు "ఉచితాలు" అంటూ మొదలుపెడతారు. నాకు ఆ విమర్శ ఎక్కదు. ఇంట్లో మూడు ఫోన్లు, ఒక ల్యాప్‌టాప్ ఉన్నవాడు బస్తర్ ఆడమనిషి చేతిలో ఒక్క ఫోను చూసి దేశం దివాలా తీస్తుందని బాధపడడం ఏం న్యాయం? యంత్రాల విషయంలో బాబాసాహెబ్ వైఖరి స్పష్టమే. 1945లో వచ్చిన పుస్తకంలో గాంధీయిజాన్ని ఎండగడుతూ, తప్పు యంత్రానిది కాదు, దాని ఫలాన్ని కొందరికే కట్టబెట్టే సమాజ వ్యవస్థది అన్నాడాయన. యంత్రం లేకపోతే మనిషికి తీరిక లేదు, తీరిక లేకపోతే సంస్కృతి లేదు అన్నది ఆయన వాదం. తరతరాలుగా చాకిరీ చేసిన కులాల నుంచి వచ్చినవాళ్లకు ఈ మాట ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. రాట్నం గొప్పతనం గురించి మాట్లాడేవాళ్లు ఎప్పుడూ ఒడికేవాళ్లు కాదు, చూసేవాళ్లే.

కాబట్టి నా గొడవ ఫోనుతో కాదు, ఫోనుకు అవతలి కొసన కూర్చున్నవాళ్లతో.

ఛత్తీస్‌గఢ్‌లోనే మహతారీ వందన్ యోజన ఉంది. పెళ్లయిన స్త్రీల ఖాతాలో నెలకు వెయ్యి రూపాయలు. 2024 మార్చిలో మొదటి విడతగా దాదాపు 70 లక్షల మందికి 655 కోట్లు వేశారు. అదే ఏడాది డిసెంబరులో బయటపడిన సంగతి మీరూ చదివే ఉంటారు. బస్తర్ జిల్లా తాలూర్ గ్రామం నుంచి సన్నీ లియోన్ పేరుతో ఒక దరఖాస్తు నమోదై, నెలనెలా డబ్బు కూడా పడుతోంది. దేశమంతా నవ్వింది. నేనూ నవ్వాను. కానీ ఆ కంప్యూటర్ గురించి ఆలోచించండి. దేశంలో సగం మంది గుర్తుపట్టే పేరును అది మాట్లాడకుండా మింగేసింది. అదే కంప్యూటర్ల ముందు, ఆధార్‌లో ఒక అక్షరం తేడా ఉందని, వేలిముద్ర అరిగిపోయిందని పింఛను ఆగిపోయిన ముసలవ్వలు మన ఊళ్లలో ఎంతమంది! కూలి చేసినవాళ్ల వేలిముద్రలే అరుగుతాయి. పక్కనున్న ఝార్ఖండ్‌లో 2017లో పదకొండేళ్ల పిల్ల చనిపోయింది. ఆధార్‌తో కలపలేదని రేషన్ కార్డు తీసేశారు, ఆకలితోనే పోయిందని కుటుంబం చెప్పింది. యంత్రానికి కులం లేదంటారు. నిజమే, దాన్ని నడిపే దఫ్తరుకుంది.

ఇక నవా రాయపూర్. 2025 మేలో అక్కడ వెయ్యి కోట్ల ఏఐ డేటా సెంటర్ పార్కుకు శంకుస్థాపన జరిగింది. ఆ నగరానికి భూములిచ్చిన ఊళ్ల రైతులు 2022 జనవరి నుంచి నెలల తరబడి ధర్నా చేశారు, పరిహారం, పునరావాసం కోసం. అమరావతి చూసినవాళ్లకు ఇది కొత్త కథేం కాదు. అక్కడిలాగే ఇక్కడా భూమి ఉన్న రైతుకైనా పరిహారం అనే మాట ఉంటుంది. ఆ పొలాల్లో కూలికి వెళ్లిన సత్నామీ కుటుంబానికి ఏ కాగితం ఉంటుంది? పికెటీ బృందం లెక్క ప్రకారం 2022-23లో దేశ సంపదలో 40.1 శాతం పైనున్న ఒక్క శాతం చేతిలో ఉంది. బిలియనీర్ల సంపదలో 88.4 శాతం అగ్రకులాలదేనని అదే బృందం మరో పత్రంలో రాసింది. ఆదివాసులు ఆ జాబితాలోనే లేరు. జనాభాలో 30 శాతానికి పైగా ఆదివాసులున్న రాష్ట్రంలో కూర్చుని ఈ అంకె చదవాలి.

ఇంత అసమానతను మనం భరించడానికి సినిమా బాగా పనికొస్తుంది. రాయపూర్ మనకు పెద్ద దూరం కాదు, విజయనగరంలో రైలెక్కితే రాయగడ, టిట్లాగఢ్ మీదుగా వచ్చేయొచ్చు. మన సినిమాలు అంతకంటే త్వరగా, హిందీ మాట్లాడుతూ వచ్చేస్తున్నాయి. 'పుష్ప'నే తీసుకోండి. కూలీవాడు, ఎవరికీ తలవంచడు. మంచి నటన, నాకూ నచ్చింది. కానీ రెండు భాగాలూ చూశాక అతనికి అసలు కావలసింది ఏమిటి? ఇంటిపేరు. తండ్రి తరఫువాళ్లు మొల్లేటి అని పిలవాలి. 2024లో రెండో భాగం చివర పిలుస్తారు, హాలు ఈలలేస్తుంది. ఎర్రచందనం నరికే మిగతా కూలీలు ఎక్కడివాళ్లు అక్కడే. ఇంటిపేరు వినగానే మనిషి కులం లెక్కగట్టే తెలుగువాళ్లం మనం. ఆ లెక్కను రద్దు చేయమని కాదు, అందులో తనకూ చోటివ్వమని హీరో అడుగుతాడు.

రాయపూర్ ప్రాంతానికి చెందిన మనూ నాయక్ 1965లో ఇంకో రకం సినిమా తీశాడు. 'కహి దేబే సందేస్', మొట్టమొదటి ఛత్తీస్‌గఢీ చిత్రం. కబురు చెప్పు అని అర్థం. దళిత యువకుడు, బ్రాహ్మణ యువతి ప్రేమించుకుంటారు. రఫీ పాడాడు, పాటలు రాసిన కవి హనుమంత్ నాయుడు. బ్రాహ్మణ సంఘాల నుంచి వ్యతిరేకత వచ్చింది, విడుదలకే ఇబ్బంది పడింది. గురు ఘాసీదాస్ 18వ శతాబ్దంలో పుట్టి మనుషులంతా ఒక్కటేనని బోధించిన నేలలో, ఆ మాటే తెరమీద చెబితే జరిగింది ఇది. తక్కువ డబ్బుతో తీసిన నలుపు తెలుపు బొమ్మ. పుష్ప అడగని ప్రశ్న అడిగింది.

మనకూ 1938 నాటి 'మాలపిల్ల' ఉంది. అక్కడ అబ్బాయి బ్రాహ్మణుడు, అమ్మాయి మాల. ఛత్తీస్‌గఢ్‌లో తిరగబడింది, అబ్బాయి కింది కులం వాడు. ఈ చిన్న తేడా ఎంత పెద్దదో మారుతీరావు అమృత భర్త ప్రణయ్‌ని చంపించిన 2018 మిర్యాలగూడ తర్వాత తెలుగు విద్యార్థికి వివరించక్కర్లేదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనో ఉస్మానియాలోనో ఈ రెండు సినిమాలూ ఒకే సాయంత్రం వేస్తే బాగుంటుంది. ఛత్తీస్‌గఢీ సంభాషణలకు తెలుగు సబ్‌టైటిల్స్ రాయడానికి ఇద్దరు ముగ్గురు కావాలి. రాయపూర్, భిలాయి తెలుగు ఇళ్లలో పెరిగిన పిల్లలకు రెండు భాషలూ వచ్చు. పని ఫోను మీదే అయిపోతుంది.