మొద్దు కాదు, పలక

లినక్సు కెర్నెలులో తెర వ్యవహారాలు చూసే భాగాన్ని డీఆర్ఎం అంటారు. అందులో ఒక చిన్న ఏర్పాటుకు దాని కర్తలు "డంబ్ బఫర్" అని పేరు పెట్టారు. నిఘంటువు తెరిస్తే 'డంబ్'కు మూగ అనో, మొద్దు అనో అర్థం దొరుకుతుంది. రెండూ నాకు రుచించలేదు. గీయమన్నది గీయించుకుని, చెరపమన్నప్పుడు చెరిపించుకుని, తనకంటూ ఏ అభిప్రాయమూ లేకుండా ఉండే వస్తువుకు మన భాషలో ఎప్పటినుండో ఒక మాట ఉంది: పలక. ఈ టపాలో ఆ మాటే వాడతాను.

పేరు కోసం పేచీ పెట్టడం నా ఉద్దేశం కాదు. తెలుగు లిపికి కంప్యూటరులో అన్నిటికన్నా నమ్మదగిన చోటు ఈ పలకేనని నా వాదన. దానికి ముందు, పలక లేని చోట మన లిపికి ఏ గతి పట్టిందో చెప్పాలి.

పాత అక్షర తెర గడులుగా విభజించి ఉంటుంది. ఒక గడికి ఒక అక్షరం. వీజీఏ పద్ధతిలో ఆ అక్షర రూపాలు 256; రంగులలో కొంత వదులుకుంటే 512. ఆంగ్లానికి ఇది కావలసినదానికన్నా ఎక్కువే. మనకో? "స్త్రీ" అన్న ఒక్క అక్షరాన్ని చూడండి. యూనికోడులో అది స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం, మొత్తం ఆరు సంకేతాలు. కంటికి మాత్రం ఒకటే రూపం. వత్తులు కిందికి దిగుతాయి, గుడి పైకెక్కుతుంది, వెడల్పు అక్షరానికొక తీరుగా మారుతుంది. గడుల తెరకు ఆరు సంకేతాలు తెలుస్తాయి గాని, ఆ ఒక్క అక్షరం తెలియదు. తెలుగు 1991లోనే యూనికోడులో చేరినా ఆ తెర మీదికి రాలేకపోవడానికి కారణం ఇదే. లోపం మన లిపిది కాదు, ముందుగానే గడులు గీసి పెట్టిన తెరది.

ఇది ఊహ కాదనడానికి డెబియన్ స్థాపక కార్యక్రమమే సాక్ష్యం. 2011 ఫిబ్రవరిలో స్క్వీజ్ అనే పేరుతో డెబియన్ 6.0 వెలువడినప్పుడు, స్థాపన సమయంలో ఎంచుకోదగిన భాషలలో తెలుగు కూడా చేరింది. కాని ఒక షరతు మీద: చిత్రరూపపు తెరలో మాత్రమే. అక్షర తెరలో ఆ భాషను ఎంచుకునే వీలు లేదు. కన్నడం, సింహళం, లావో కూడా అప్పుడు అదే షరతు మీద చేరాయి. అనువాదకులు ఎంత శ్రమపడి వాక్యాలు సిద్ధం చేసినా, బొమ్మ గీయగల తెర లేకపోతే ఆ శ్రమ కంటికి కనబడదన్నమాట.

అదే సంవత్సరం మే నెలలో 2.6.39 కెర్నెలు వచ్చింది. డేవ్ ఎయిర్లీ రాసిన పలక ఏర్పాటు అందులో చేరింది. దాని పని చాలా చిన్నది. వెడల్పు ఇంత, ఎత్తు ఇంత, ఒక్కొక్క చుక్కకు ఇన్ని బిట్లు అని మనం అడుగుతాము. డ్రైవరు కావలసిన జ్ఞాపకస్థలం తీసిపెట్టి మూడు సంగతులు తిరిగి చెబుతుంది: ఆ పలకకు గుర్తుగా ఒక అంకె, ఒక వరుసకు పట్టే బైట్లు, మొత్తం పరిమాణం. ఆ గుర్తును చూపి, పలకను మన ప్రోగ్రాము చిరునామాలలోకి తెచ్చుకుంటాము. ఇక అది మామూలు జ్ఞాపకం వంటిదే. అందులో రంగులు నింపి, ఈ పలకను తెర మీద చూపమని అడిగితే చాలు. పని అయ్యాక తిరిగి ఇచ్చివేయాలి. మరచిపోయినా, ప్రోగ్రాము ముగిసినప్పుడు కెర్నెలే వెనక్కు తీసుకుంటుంది. ఇంటెల్, రేడియాన్ వంటి కార్డులకు త్రిమితీయ చిత్రాల కోసం వేటి భాష వాటిదే. పలకను అడిగే పద్ధతి మాత్రం అన్నిటికీ ఒకటే.

ఇందులో కొత్తవారు తడబడే చోటు వరుస కొలత. వాడరేవు ఇసుక దాటి, చీరాల మీదుగా పర్చూరు వైపు వెళితే నల్లరేగడి చేలు వస్తాయి. అక్కడ సాలు చివర ఎద్దులు మళ్ళడానికి కాస్త జాగా వదులుతారు. మొక్కలు ఉన్నంత మేరే సాలు అనుకుని కొలిస్తే లెక్క తప్పుతుంది. పలక కూడా అంతే. 1366 చుక్కల వెడల్పు, చుక్కకు 4 బైట్లు అనుకుంటే వరుసకు 5464 బైట్లు. ఇంటెల్ డ్రైవరు దానిని 64 గుణిజానికి పెంచి 5504 చేస్తుంది. మిగిలిన 40 బైట్లు, అంటే పది చుక్కల జాగా, ఎద్దులు మళ్ళే చోటు. డ్రైవరు చెప్పిన కొలతను కాదని సొంత గుణకారం చేసుకుంటే వరుస వరుసకూ పది చుక్కల తేడా వచ్చి బొమ్మంతా ఏటవాలుగా ఒరిగిపోతుంది. 768 వరుసలకు పలక మొత్తం 42,27,072 బైట్లు. నేటి యంత్రానికి లెక్కలోనిది కాదు.

మరి రెండు జాగ్రత్తలు. పలక మీద రాయడం సులువు. రాసినదానిని తిరిగి చదవడం చాలా యంత్రాలలో మహా నిదానం. కనుక అక్షరాలను మామూలు జ్ఞాపకంలో కూర్చి, పూర్తయిన బొమ్మను ఒక్కసారిగా పలక మీదికి ఎత్తాలి. రెండవది, చూపుతున్న పలక మీదే రాస్తే సగం పాత బొమ్మ, సగం కొత్త బొమ్మ కనిపిస్తాయి. రెండు పలకలు ఉంచుకుని, ఒకటి తెర మీద ఉండగా రెండవదాని మీద రాసి, తెర ఒక చుట్టు గీయడం ముగించిన విరామంలో మార్చుకోవాలి.

"బ్రౌజరులో, చేతి ఫోనులో తెలుగు ముత్యాల్లా కనబడుతోంది కదా, ఈ అడుగు పొరలతో మనకేమి పని?" అని మిత్రులు అడగవచ్చు. బ్రౌజరు వచ్చేది అంతా సవ్యంగా జరిగాక. అంతకుముందే డిస్కు సంకేతపదం అడిగే తెర, దెబ్బతిన్న ఫైళ్ళను సరిచేసే తెర, వ్యవస్థను స్థాపించే తెర ఉంటాయి. వాడరేవులో పడవల లెక్కలు రాసుకునే ఒకాయన కంప్యూటరు తెల్లవారుజామున తెరుచుకోలేదనుకోండి. ఆయనకు తన భాష అన్నిటికన్నా అవసరమైన క్షణం అది. సరిగ్గా అప్పుడే యంత్రం ఆంగ్లంలోకి జారుకుంటుంది.

అలాగని తెలుగు అక్షర కూర్పును కెర్నెలులోకే ఎక్కించమనే వారితో నేను ఏకీభవించను. వత్తుల లెక్కలో చిన్న పొరపాటు జరిగినా యంత్రమంతా కూలిపోయే చోటది. కెర్నెలు పలక ఇస్తే చాలు. హార్ఫ్‌బజ్, పాంగో వంటి సాధనాలు బయట నుండి రాస్తాయి. 2012 ప్రాంతంలో డేవిడ్ హెర్మన్ రూపొందించిన కేఎంఎస్‌కాన్, గడుల పద్ధతిని వదలకపోయినా, ఆ దారి సాధ్యమేనని చూపింది. కెర్నెలే కుప్పకూలినప్పుడు మాత్రం బయటివారు రాయలేరు. 2024లో వచ్చిన 6.10 కెర్నెలు అటువంటి వేళ తానే ఒక తెర గీయడం నేర్చింది. అదే ఏటి 6.12లో క్యూఆర్ సంకేతం చూపే సదుపాయం చేరింది. ఆ సంకేతం తెరిచే పుట ఏదో నిర్ణయించేది పంపిణీదారు. ఆ పుటలో తెలుగు వివరణ ఉండకూడదన్న నియమం ఎక్కడా లేదు.

పలకకు ఏ భాషా తెలియదు. అందుకే అది ఏ భాషకూ అన్యాయం చేయదు. గడుల తెరకు ఒక భాష బాగా తెలుసు, మనకు చిక్కు అక్కడే వచ్చింది. ఇన్నాళ్ళూ మనం ఖతులు, కీబోర్డులు, అనువాదాల మీద శ్రద్ధ పెట్టాము, అవన్నీ కావలసినవే. మనలో సి భాష వచ్చినవారు ఒక ఆదివారం కూర్చుని పలక మీద "స్త్రీ" అన్న ఒక్క అక్షరం సరిగా గీసి చూడండి. డిస్కు సంకేతపదాన్ని తెలుగులో అడిగే తెరకు అక్కడినుండి ఎంతో దూరం లేదు. ఏమంటారు?